నోరు మూసిన మొసలి

ఎవరేం అడిగినా తోక్ సీదిక్ వెంటనే బదులు చెప్పేవాడు కాదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని తగిలించేవాడు. ఒకప్పటి మలయా దేశంలో, పేరాక్ నది ఒడ్డున, తగరం కరిగించి మొసలి, తాబేలు, కోడిపుంజు ఆకారాల్లో నాణేలు పోతపోసే గురువు ఆయన. శిష్యుడు ఆలాంగ్ ముప్పయ్యేళ్లు దాటినవాడు, పనిమంతుడే గాని సందేహం వస్తే కడుపులో దాచుకోలేడు. ఒకనాటి ఉదయం వాకిట్లో అడిగేశాడు.

"గురువుగారూ, మన మొసలి నాణేనికి ఊరికో కథ ఉంది. శాపం తగిలిన రాజకుమారుడని ఒకరు, ఏటికి కాపలాదారని ఇంకొకరు. వీటిలో ఏది నిజం?"

"ముందు ఇసుక తడుపు," అన్నాడు గురువు.

ఆలాంగ్ మూతి ముడుచుకుని తడి ఇసుకలో అచ్చు తీస్తుండగా మెలూర్ వచ్చింది. పోయినేడు ఆమె భర్తను మొసలి ఏట్లోకి లాక్కుపోయింది. అప్పట్నించి ఆమె పడవెక్కలేదు. ఆవలి ఒడ్డున పొలం బీడుపడింది. ఈ ఏడు కూడా నాట్లు తప్పితే పిల్లలకు గంజినీళ్లే గతి. పడవకు రక్షగా కట్టుకోవడానికి ఒక మొసలి నాణెం పోసిమ్మంది.

ఆ మాట వాకిట్లో అన్నది కనక సరిపోయింది. కొలిమి దగ్గర మాత్రం మొసలి పేరు ఎత్తకూడదు. ఎత్తితే తగరం అలుగుతుందని, పోత పాడవుతుందని వాళ్ల నమ్మకం. అక్కడ అందరూ 'ఏటి పెద్దాయన' అనే అంటారు. కరిగిన తగరం గరిటె ఆలాంగ్‌కి అందిస్తూ గురువు, "పెద్దాయన్ని తల దగ్గర్నించి పొయ్యి," అన్నాడు.

వెనకే వచ్చి నిలబడ్డ మెలూర్ ఇక ఆపుకోలేకపోయింది. "ఎక్కడి పెద్దాయనయ్యా! మొసలి! నా మొగుణ్ణి మింగిన మొసలి!"

ఆలాంగ్ చెయ్యి వణికి గరిటె అచ్చుకు తగిలింది. దవడల మధ్య నిలిపిన ఇసుక కట్ట కూలి, తగరం అక్కడికి పారింది. పారబోయమంటాడేమోనని గురువు వంక చూశాడు. ఆయన గరిటె అందుకుని పక్కన పెట్టాడు. చల్లారాక తీసి చూస్తే, నోరు తెరుచుకుని ఉండాల్సిన మొసలి గట్టిగా నోరు మూసుకుని ఉంది.

మెలూర్ దాన్ని అరచేతిలో తిప్పి తిప్పి చూసింది. ఏడాదిగా ఎవరూ ఎరగని నవ్వు ఆమె ముఖంలోకి వచ్చింది. "పేరు పెట్టి అడిగేసరికి నోరు మూసుకుంది," అంది.

మర్నాడు పొద్దున్నే ఆమె పడవ ఏరు దాటింది. ఇంకేముంది, నాలుగు రోజుల్లో ఊరంతా ఒకటే కథ. మొగుణ్ణి పోగొట్టుకున్న ఇల్లాలు నిలదీస్తే ఏటి పెద్దాయన సిగ్గుతో నోరు మూసుకున్నాడట! ఎగువ ఊళ్లవాళ్లు సైతం నోరు మూసిన నాణేలే కావాలని వస్తున్నారు. ఆలాంగ్‌కి మాత్రం అన్నం సయించడం లేదు.

"గురువుగారూ, మహిమా లేదు, మన్నూ లేదు. నా చెయ్యి వణికింది, అంతే. ఊళ్లో నిజం చెప్పెయ్యనా?"

తోక్ సీదిక్ ఏటి అవతలికి చూశాడు. మోకాలి లోతు బురదలో వంగి మెలూర్ నారు నాటుతోంది. పొలం సగం పచ్చబడింది.

"చెప్పు నాయనా, తప్పకుండా చెప్పు," అన్నాడు. "ముందు ఆమె నాట్లు పూర్తికానీ."