బత్తాయి తొక్కల పొడి

తొక్క పారేస్తే మునీర్‌కు ప్రాణం ఒప్పదు.

అతని గురువు నూరుల్లా పీర్, కొండ కింద కుటీరంలో రోగులను చూసేవారు. నీరసపడ్డవాళ్లకు బత్తాయి రసం ఇచ్చేవారు. మిగిలిన తొక్కలు ఎండబెట్టి, దంచి, మలబద్ధకంతో వచ్చినవాళ్లకు తాగించేవారు. పిడికెడు పొడికి చెంబెడు మజ్జిగ. మునీర్‌కు అది మరీ మోటు వైద్యంగా కనిపించింది.

తొక్కలు ఉడికించాడు. చేదు పోయేదాకా కడిగాడు. లోపలి తెల్లటి పీచు మాత్రం తీసి, ఎండబెట్టి, నూరి, గుడ్డలో జల్లించాడు. బుట్టెడు తొక్కలకు గుప్పెడు పొడి మిగిలింది. పిడికెడు చేసే పని ఇక చెంచాడు చేస్తుందని అతని నమ్మకం. నిజమే, చేస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది.

ఆ వారం తోట కాపలా ముసలాయన ఓబులప్ప మంచం పట్టి కుటీరానికి చేరాడు. కడుపు రాయిలా బిగుసుకుపోయింది. నీళ్లు తాగితే ఇంకా ఉబ్బుతుందని భయపడి, పెదవులు తడుపుకుని ఊరుకుంటున్నాడు.

మందు ఇచ్చేవాడు ముందు తాను మింగాలని ఆ కుటీరంలో కట్టుబాటు. మునీర్ తప్పలేదు. తోటకు నీళ్లు తోడి, చెమటలు కక్కుతూ వచ్చి, చెంచాడు పొడి నోట్లో వేసుకుని కుండ ఎత్తి గటగటా తాగాడు. హాయిగానే ఉంది. మర్నాడు పొద్దున్నే ఓబులప్ప తాతకు ఒక చెంచా తేనెలో రంగరించి నాకించాడు. మధ్యాహ్నం రెండోది కలుపుతుంటే పీర్ లోపలికి వచ్చారు.

"నువ్వు మింగావా, బేటా?"

"మింగాను హజ్రత్. ఏమీ కాలేదు."

"దేంతో మింగావు?"

"నీళ్లతో."

"ఎన్ని నీళ్లు?"

మునీర్‌కు గుర్తు లేదు. దాహం వేసింది, తాగాడు.

పీర్ సన్నమూతి సీసా ఒకటి తీసి, చెంచాడు పొడి వేసి, తాత తాగేపాటి నీళ్లే పోసి కిటికీలో పెట్టారు. ఇద్దరూ కూర్చున్నారు. మంచం మీద తాత మూలుగుతున్నాడు. మునీర్ కళ్లు సీసా మీదే ఉన్నాయి. లోపల తెల్లటి ముద్ద మెల్లమెల్లగా మూతి దాకా పొంగింది.

పీర్ సీసాను తలకిందులుగా పట్టుకున్నారు. చుక్క రాలలేదు. గట్టిగా విదిలించారు. ముద్ద కదల్లేదు.

మునీర్ కలిపిన రెండో చెంచాను దూరంగా నెట్టేశాడు.

"హజ్రత్... పొద్దున ఒకటి పెట్టేశాను."

అంత నెమ్మదస్తుడైన పీర్ ముఖం కూడా పాలిపోయింది. "వేణ్ణీళ్లు తే. నీళ్లు చాలితేనే ఆ ముద్ద జారుతుంది. పరుగెత్తు!"

తాత పళ్లు బిగించాడు. "వద్దు సామీ, పొట్ట పగిలిపోతాది."

మునీర్ అతని తల ఒళ్లో పెట్టుకున్నాడు. "ఒక్క గుక్క తాతా. నీ కాళ్లు పట్టుకుంటా." ఒక గుక్క దిగింది. కాసేపటికి ఇంకోటి. ప్రతి గుక్కకీ మునీర్ ఊపిరి బిగబట్టాడు. చెంబు ఖాళీ అయితే మళ్లీ నింపుకొచ్చాడు. ఎండ గోడ దిగిపోయింది.

"రేయ్, లేపరా నన్ను," అన్నాడు తాత ఉన్నట్టుండి. "బయటికి పోవల్ల. బిరీన!"

మునీర్‌కు ఏడుపొచ్చేసింది. తాతను అమాంతం ఎత్తుకుని పరుగెత్తాడు.

తిరిగి వచ్చేసరికి తాత ముఖం తేటపడింది. ఆయన్ను పడుకోబెట్టి, మునీర్ గురువు ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"కట్టుబాటు తప్పలేదు హజ్రత్. నేనూ మింగాను."

"మింగావు బేటా. మందు ఇద్దరూ మింగారు," అన్నారు పీర్. "దాహం మాత్రం నీ ఒక్కడిదే."