గోరింక నాణెం, కోరయ్య కడుపుమంట

నెమలికొండ అడవిలో కుందేళ్ళు, జింకలు, ఉడతలు, ముళ్ళపందులు, రకరకాల పిట్టలు కలిసిమెలిసి ఉండేవి. అడవి నడుమ ఎప్పుడో రాజులు కట్టి వదిలేసిన కోట ఉంది. ఆ కోట గోడ కింద బొరియ తవ్వుకుని కోరయ్య అనే పందికొక్కు కాపురం ఉండేవాడు.

ఆ అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. తొలకరికి ముందు ఎవరింట్లో ఉన్న అపురూపమైన పాత వస్తువును వాళ్ళు కోట అరుగు మీదికి తెచ్చి చూపించాలి. అందరికన్నా పెద్దదైన ఉడుము అవ్వ ఒక్కో వస్తువునూ నాలుకతో తాకి, దాని విలువ ఎంతటిదో చెబుతుంది. నెగ్గిన వాళ్ళకు వానాకాలమంతా ఉండడానికి కోట మీది రాతి గది ఇస్తారు. ఎంత వాన కురిసినా ఆ గదిలోకి చుక్క నీరు రాదు.

ఏటా ఆ గది కోరయ్యకే దక్కేది. అతని దగ్గర రాజుల కాలం నాటి రాగి నాణెం ఉంది మరి. దాని మీద ఏనుగు బొమ్మ. ఎన్నో తరాలు మట్టిలో ఉండడంతో నాణెం నిండా పచ్చటి చిలుము పట్టింది. ఏనుగు కూడా అరిగిపోయి లీలగా కనబడేది. అయినా అందరూ దాన్ని చూసి ఆహా అనేవారు, కోరయ్య మీసాలు దువ్వుకునేవాడు. గది దక్కకపోతే మాత్రం అతని గతి అధోగతే. నాలుగు చినుకులు పడితే చాలు, బొరియ నిండా నీళ్ళే.

ఈ ఏడు పసిడమ్మ అనే గోరింక కూడా ఒక నాణెం తెస్తోందని ఉడతలు చెప్పుకున్నాయి. గాలివానకు చెట్టు కూలి ఆమె గూడు పోయింది. పిల్లలతో ఒక పొదలో తలదాచుకుంటోంది. కోరయ్య పలకరించడానికి వచ్చినట్టు వచ్చి, మాటల్లో మాటగా నాణెం చూపించమన్నాడు.

అదీ ఏనుగు నాణెమే. కానీ ఆ ఏనుగు కాలిగోళ్ళతో సహా తేటగా ఉంది. కోరయ్య ముక్కు ఆనించి ఆ గోళ్ళను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు.

"ఇది అసలుదేనా, చెల్లీ?" అన్నాడు.

"కాదన్నా, నకలు. మా ముత్తవ్వ నాటి నకలు. అప్పట్లో ఒక కంచరి రాజుల నాణేలంటే ప్రాణం పెట్టేవాడట. అసలువి దొరకని వాళ్ళ కోసం ఇలాంటివి పోత పోశాడు. ఎవరూ మోసపోకూడదని వెనకవైపు తన గుర్తుగా చేపపిల్లను చెక్కాడు" అంది పసిడమ్మ.

కోరయ్యకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే అడవంతా తిరిగి, గోరింకది ఉత్త నకిలీ నాణెమని చాటాడు. ఆ సంగతి తమకు తెలుసనీ, పసిడమ్మే చెప్పిందనీ అందరూ తాపీగా అన్నారు. పైగా ఆ చేపపిల్లను చూడడానికి గుంపులుగా వెళ్ళారు. ఇలాంటి నకళ్ళను జనం ఎప్పుడో కరిగించి చెంబులు చేసుకున్నారనీ, మిగిలినవి చాలా అరుదనీ ముళ్ళపంది వివరించింది. కంచరి చేతిపనిని కుందేళ్ళు నోరారా మెచ్చుకున్నాయి.

ఎవరు ఏం పొగిడినా అది కోరయ్య ఒంటి మీద వాత పెట్టినట్టే ఉంది. తిండి సహించలేదు. అంతకుముందు ముద్దొచ్చిన సొంత నాణెం ఇప్పుడు మాసిన గుడ్డలా కనిపించింది. నకలుకు గోళ్ళు ఉండడమేమిటి, అసలుకు కాళ్ళే లేకపోవడమేమిటి అని కుళ్ళిపోయాడు. ఆ గోరింక మొహం మాడిపోవాలి, అంతే. ఇంకేమీ ఆలోచించలేకపోయాడు.

చిన్నతనంలో అతను ఊళ్ళో ఒక వంటింటి కింద ఉండేవాడు. ఆ ఇంటావిడ రాగి బిందెను చింతపండుతో, ఇసుకతో తోమితే అది తళతళలాడేది. ఆ జ్ఞాపకం రాగానే కోరయ్య కోట వెనక రాలిన చింతకాయలు ఏరుకొచ్చాడు. నాణేన్ని రాతి మీద పెట్టి కసిగా తోమాడు. చిలుమంతా వదిలి నాణెం ధగధగ మెరిసింది. లీలగా ఉన్న ఏనుగు కూడా చిలుముతోపాటే పోయింది. ఆ మెరుపు మురిపెంలో అతనికి అది పట్టనే లేదు.

చూపించే రోజు వచ్చింది. ఉడుము అవ్వ ముందుగా పసిడమ్మ నాణేన్ని తాకింది. నకలే అయినా పాతదనీ, మోసం లేని మంచి పనితనమనీ మెచ్చుకుంది. తర్వాత కోరయ్య నాణేన్ని తాకి నాలుక వెనక్కి తీసుకుంది.

"పులుపు తగులుతోంది. దీన్ని ఏం చేశావురా?"

"తోమానవ్వా. ఆమెదానికన్నా బాగా మెరుస్తోంది కదా" అన్నాడు కోరయ్య.

"దీని వయసంతా ఆ చిలుములోనే ఉందిరా. ఇప్పుడిది పాతదని నువ్వు చెబితే వినాలి తప్ప, నాణెం చెప్పడం లేదు. ఇది ఉత్త రాగి బిళ్ళ. నకలు ఎంత అరుదైనదైనా అసలు తర్వాతే. నువ్వు దీన్ని ముట్టుకోకుండా తెచ్చి ఉంటే ఈ ఏడూ గది నీదే."

గది పసిడమ్మకు ఇచ్చారు.

తొలకరి జోరుగా కురిసింది. బొరియ మునిగింది. మధ్యాహ్నానికి కోరయ్య ఒళ్ళంతా బురదతో రాతి గది ముందు నిలబడ్డాడు. పసిడమ్మ అతన్ని చూసి పిల్లలను పక్కకు జరిపింది.

"లోపలికి రా అన్నా. చోటుంది" అంది.

లోపల గోడ గూట్లో ఆమె నాణెం కనబడుతోంది. కోరయ్య దాని వైపు చూడలేక గడప దగ్గరే చతికిలబడ్డాడు. లోపల అంత చోటున్నా, వానాకాలం పొడుగునా జల్లుకు సగం తడుస్తూ అక్కడే కూర్చున్నాడు.

నీతి: ఎదుటివారి దాన్ని చూసి కుళ్ళుకునేవాడు తన దగ్గరున్న అసలును తానే నకిలీ చేసుకుంటాడు.