నూకాలు పెట్టుకున్న పొగకాటుక

అనగనగా ఒక ఊళ్ళో, రాజూ లేడు, రాణీ లేదు, పున్నమ్మ అని ఒక కాటుకమ్మ ఉండేది. కాటుకమ్మ అంటే కాటుక పట్టి అమ్ముకునే మనిషి. ఆ పున్నమ్మకి ఒక్కతే కూతురు, దాని పేరు నూకాలు. ఊఁ కొడుతూ విను, మధ్యలో కాళ్ళు విదిలించకు.

ఇవాళ సాయంత్రం మీ పిన్ని ఫోన్లో చూసి కళ్ళకి పొగ పూసుకుంటుంటే, నువ్వూ కావాలని ఏడ్చావు చూడు. స్మోకీ కళ్ళంట. అన్ని డబ్బాలూ అన్ని కుంచెలూ ఎందుకే దానికి? నూకాలు అవేవీ లేకుండానే పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో చెబుతా. నవ్వొచ్చే కథ మాత్రం కాదు, ముందే చెబుతున్నా.

పున్నమ్మ పట్టిన కాటుకంటే ఊరందరికీ గురి. పురిటి పిల్ల బుగ్గన దిష్టిచుక్క పెట్టాలన్నా ఆవిడ కాటుకే, పెళ్ళికూతురి కంటికీ ఆవిడ కాటుకే. ఆల్చిప్పల్లో పెట్టి అమ్మేది. ఆ తర్వాత ఊళ్ళోకి ప్లాస్టిక్ డబ్బీల కాటుక వచ్చింది. ఇక ఆల్చిప్ప అడిగినవాళ్ళు లేరు. తల్లీ కూతుళ్ళకి పూటకింత గంజి మిగిలింది.

అప్పుడు పున్నమ్మకి చూపు మందగించింది. ఏళ్ళ తరబడి దీపం పొగ ముందు కూర్చుంటే కళ్ళు నిలుస్తాయా? మొదట సూదిలోకి దారం ఎక్కించలేకపోయింది. ఆ తర్వాత తను వేసిన ముగ్గు తనకే కనపడలేదు. ఆ తర్వాత మనుషుల మొహాలు మసకబారాయి. ఊరందరి కళ్ళూ సింగారించిన మనిషికి సొంత కళ్ళు పోయాయి. ఇదేం న్యాయమో చూడు. పైగా జ్వరం పట్టుకుంది, మంచం దిగడం మానేసింది.

ఒకరోజు నూకాలు మొహం రెండు చేతుల్లోకి తీసుకుని తడిమింది. "నీ కళ్ళు కనపడటం లేదే, తల్లీ. ఒక్కసారి చూసుకుంటే చాలు. ఆ తర్వాత ఏమైపోయినా నాకు బెంగ లేదు" అంది.

నూకాలు ఆ మాట పట్టుకుంది. ఇంకేం అడిగినా ఇవ్వలేని పిల్ల, ఇదొక్కటీ ఇవ్వగలననుకుంది. నల్లగా పెట్టుకుంటే అమ్మకి ఎందుకు కనపడవూ అనుకుంది. ఇంట్లో ఒక ఆల్చిప్పలో అడుగున కాస్త కాటుక ఉంటే, కాటుక పెట్టుకుంటా చూడమ్మా అని, దాంతో సన్నగా గీత దిద్దుకుని, గుమ్మం వెలుగులో మంచం పక్కన కూర్చుంది. పున్నమ్మ చూసింది, చూసింది, చూస్తూనే ఉంది. "ఇంకా పెట్టుకోలేదేం?" అంది.

మర్నాడు ఉన్న కాటుకంతా వేలికి తీసుకుని, రెప్పల పైనా కిందా మందంగా పులుముకుంది. అప్పుడు పున్నమ్మ ఉలిక్కిపడింది. ఏదో కనపడింది ఆవిడకి. నూకాలు గుండె ఎగిరింది. కానీ తల్లి కనపడీ కనపడని ఆ నలుపు చూసి, కళ్ళు గుంటలు పడిపోయాయనుకుంది. "తిండి లేక ఇలా అయిపోయావా" అని ఏడ్చి, తన గంజి గిన్నె కూతురి ముందుకి తోసింది. అది కాదమ్మా అంటే వినదు. నువ్వు తాగితేగాని నేను ఊరుకోనని ఒట్టు పెట్టింది. జ్వరంతో ఉన్న తల్లి వాటా గంజి నూకాలు తాగింది. పున్నమ్మ ఆ పూట ఖాళీ కడుపుతో పడుకుంది.

అప్పుడు నూకాలు పెరట్లో కూర్చుని ఆలోచించింది. అమ్మ పెళ్ళికూతుళ్ళకి పెట్టేటప్పుడు ఏమనేదో గుర్తుచేసుకుంది. గీతలా పెడితే గీతే కనపడుతుంది, పొగలా పెడితే కన్ను కనపడుతుంది అనేది. అంటే రెప్పవెంట్రుకల మొదట్లో చిక్కగా పెట్టాలి. పైకి పోయేకొద్దీ వేలికొసతో చెరుపుకుంటూ పోవాలి, పొగ గాల్లో కలిసిపోయినట్టు. ఆ తర్వాత కనుబొమ కింద జల్లించిన బూడిద ఇంత అద్దాలి, తెలుపు పక్కన నలుపు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఆ తర్వాత రెప్ప మధ్యలో వెన్న చుక్క, మెరుపు కోసం. అంతేనే. మీ పిన్ని చేసేదీ అదే.

బూడిదకేం, పొయ్యి నిండా ఉంది. కాటుక అయిపోయింది, ఆముదం లేదు, వెన్న ఊసే లేదు. కొనడానికి చేతిలో ఏమీ లేదు. నూకాలు కాలవగట్టున కంచె మీద కాసిన ఆముదపు కాయలు ఏరుకొచ్చింది. గింజలు వేయించి, దంచి, కుండలో నీళ్ళు పోసి కాచింది. పైకి తేలిన నూనె గరిటెతో తీసుకుంది. రెండు రోజులు ఒళ్ళు హూనం చేసుకుంటే అరగిన్నెడు వచ్చింది. అమ్మ పాతచీర చెంగు చింపి, గుంటగలగరాకు పసరులో తడిపి ఆరబెట్టి, వత్తి చేసింది.

మూడో రోజు పొద్దున్నే పెరటి మూల, గాలి తగలని చోట ప్రమిద వెలిగించింది. చుట్టూ మూడు ఇటుకలు పెట్టి, వాటి మీద ఇత్తడి పళ్ళెం బోర్లించింది. కాటుక పట్టడంలో ఒక కట్టుబాటుంది. దీపం దానంతటది ఆగేదాకా పళ్ళెం కదపకూడదు. కదిపితే పట్టిన మసంతా రాలిపోతుంది.

ఈలోగా వెన్న కావాలి. కాలవ అవతల ఒక రైతు ఇంట్లో చల్ల చిలికిపెడితే ఆకులో ఇంత వెన్న పెడతామన్నారు. నూకాలు పక్కింటి పెంటమ్మని పిలిచి అమ్మ దగ్గర కూర్చోబెట్టింది. వెళ్తూ వెళ్తూ, దీపం కొండెక్కేలా ఉంటే ఒక్క కేక వెయ్యి పిన్నీ, పళ్ళెం నేనొచ్చి తీస్తా, అని చెప్పింది.

అర్థమైందా? దీపం ఆరిపోయింది అనకూడదు కదా మనం, కొండెక్కింది అంటాం. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. పాముని పురుగంటాం. చెడ్డమాట నోట పలికితే చెడు ఇంట్లోకి వస్తుందని భయం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ ఊళ్ళో పెంటమ్మంత మంచి నోరు ఇంకెవరికీ లేదు. జన్మలో ఒక్క అశుభపు మాట అని ఎరగదు.

నూకాలు వెళ్ళిన కాసేపటికి పున్నమ్మకి ఎగశ్వాస పట్టింది. అంటే ఊపిరి పైపైనే ఆడుతోందన్నమాట. నూకాలు ఎక్కడని అడిగింది. పెంటమ్మ కంగారుపడి ఇంకో మనిషిని మంచం దగ్గర పెట్టి, కాలవగట్టుకి పరిగెత్తింది. అవతల వాకిట్లో నూకాలు కవ్వం తాడు లాగుతూ కనపడింది. అప్పుడు ఆ మంచి నోటికి మంచి మాటే వచ్చింది.

"నూకాలూ, దీపం కొండెక్కేలా ఉందే. రా."

నూకాలు తల ఎత్తి నవ్వింది.

"ఎక్కనీ పిన్నీ. ఎక్కితేనే కదా కాటుక."

పెంటమ్మ గట్టు మీద నిలబడిపోయింది. కన్నతల్లిని ఎంత మాటంది ఈ పిల్ల అనుకుందో, బాధకి మతిపోయిందనుకుందో, కళ్ళొత్తుకుని వెనక్కి తిరిగింది. మీ అమ్మ పోతోంది అంటే సరిపోయేది. మూడంటే మూడు మాటలు. ఆ మూడు మాటలు అంటే నోరు పడిపోతుందా? నాకు పెంటమ్మ మీద ఇప్పటికీ కోపమే. మళ్ళీ, మనమంతా పెంటమ్మలమే కదా అనిపిస్తుంది.

నూకాలు చిలకడం ఆపలేదు. వెన్న పైకి తేలింది. అప్పుడు ఆకులో కట్టించుకుని, కాలవ దాటి, పరుగున పెరటి దారినే వచ్చింది. వచ్చి పళ్ళెం కిందికి తొంగి చూసింది. దీపం నిటారుగా వెలుగుతోంది. ఇంకా సగం నూనె ఉంది.

మరి పిన్ని ఎందుకలా పిలిచింది అనుకుంది. ఆ తర్వాత ఇంట్లోంచి ఆడవాళ్ళ ఏడుపు వినపడింది. అప్పుడు తెలిసింది, ఏ దీపమో.

లోపల పున్నమ్మ మొహం గుమ్మం వైపు తిరిగి ఉంది. నూకాలు వచ్చిందా అని మూడుసార్లు అడిగిందట. కళ్ళు తెరిచే ఉన్నాయి. మూయడానికి కూతురు రావాలని ఎవరూ ముట్టుకోలేదు.

నూకాలు గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. మళ్ళీ పెరట్లోకి వెళ్ళి ఆ దీపం ముందు కూర్చుంది. ఎవరు లాగినా లేవలేదు. దానంతటది ఆగేదాకా కూర్చుని, అప్పుడు పళ్ళెం తిప్పింది. అంత కాటుక పున్నమ్మ చేతికి కూడా ఎప్పుడూ పట్టలేదు.

శవం ముందు కాటుకేమిటే అని పెద్దవాళ్ళు కేకలేశారు. అది వినలేదు. మొదట చిక్కగా పెట్టుకుంది. ఆ తర్వాత పైకి చెరుపుకుంటూ పోయింది. ఆ తర్వాత బూడిదా, వెన్నా. ఒక్క కన్నీటిబొట్టు రానివ్వలేదు, వస్తే చెరిగిపోతుందని. వీధి చివర నిలబడ్డ వాళ్ళకి కూడా ఆ కళ్ళు కనపడ్డాయట.

అప్పుడు వెళ్ళి, తల్లి మొహం మీదికి వంగి, కళ్ళలో కళ్ళు పెట్టి చూసింది. చాలాసేపు అలాగే ఉంది. చూడమ్మా, పెట్టుకున్నాను అంది. ఆ తర్వాత ఆ చేత్తోనే తల్లి కళ్ళు మూసింది. వేళ్ళకున్న మసి పున్నమ్మ రెప్పలకి అంటింది. మొగుడు పోయిన దగ్గర్నించీ పున్నమ్మ తన కంటికి కాటుక పెట్టుకోలేదు, ఊరు పెట్టుకోనివ్వలేదు. ఆ రోజు అంటింది. దాన్ని ఎవరూ తుడవలేదు. అప్పుడు ఏడ్చింది నూకాలు.

ఏమిటే, ఇంకా నిద్రపోలేదా? వాళ్ళమ్మ చూసిందా అంటావా?

చూసిందని చెప్పొచ్చు నేను. నువ్వు హాయిగా పడుకుంటావు. కానీ చూడలేదే, అమ్మడూ. చచ్చిపోయింది కదా. చచ్చిపోయినవాళ్ళు చూడరు. ఆ మాట ఒక్కసారి నాతోపాటు అను. చచ్చిపోయింది. చూశావా, ఇల్లేం కూలలేదు. ఎప్పుడైనా నాకు బాగాలేకపోతే, మీ అమ్మకి కొండలూ గుట్టలూ చెప్పకు, ఉన్నదున్నట్టు చెప్పి పిలు. పరిగెత్తుకొస్తుంది.

ఇటు జరుగు, దుప్పటి కప్పుతా.

కాటుకేమో కన్నీటి పాలు,
కన్నతల్లి మన్ను పాలు,
కథేమో కంచి పాలు,
నువ్వూ నేనూ మనింటి పాలు.