నామాలమ్మ చూసిన సంబంధం

అనగనగా ఒక అడవి. అడవి అనగానే పులీ సింహం వస్తాయనుకునేరు, ఈ కథలో అవి లేవు. ఉన్నదంతా ఒక ఆవుల మంద. దానికి కాపరి లేడు, కట్టుకొయ్య లేదు. ఏ వాగులో నీళ్లుంటే అక్కడ తాగి, ఏ మిట్ట మీద గడ్డి ఉంటే అక్కడ మేసి, వాటి బతుకు అవే బతికేవి.

ఆ మందకు పెద్ద నామాలమ్మ. నుదుటి మీద మూడు తెల్ల చారలుండేవి, అందుకని ఆ పేరు. పన్నెండు ఈతలు ఈనిన ముసలావు. పెయ్యలు ఎదిగొస్తే వాటికి పెళ్లికొడుకును ఎంచే పని ఆమెదే. ఎంచడమంటే అదేం బ్రహ్మవిద్య కాదు. ఆబోతులన్నీ ఎర్రమట్టి దిబ్బ ఎక్కి నిలబడతాయి. ఎవరు అందరికంటే పొడుగూ లావూ ఉంటే వాళ్లే పెళ్లికొడుకు. తండ్రి ఎంత పెద్దవాడైతే బిడ్డ అంత పెద్దది అని వాళ్ల లెక్క. తాతల నాటి లెక్క కదా, తప్పని అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

కిందటేడు ఆ లెక్క ప్రకారమే నామాలమ్మ కొండన్న అనే ఆబోతును ఎంచింది. వాడు దిబ్బ ఎక్కితే దిబ్బే చిన్నబోయేది. ఐదు పెయ్యలకు వాడే పెళ్లికొడుకయ్యాడు. ఈనే రోజులు వచ్చేసరికి ఏమైంది? కడుపులో దూడలేమో బండరాళ్లంత. పెయ్యలేమో ఇంకా లేతవి. ఐదింటిలో మూడు ఈనలేక ప్రాణాలు వదిలాయి. ఆ మూడింటిలో ఒకటి నామాలమ్మ కూతురు మల్లి.

మందంతా "తలరాత" అంది. నామాలమ్మ ఆ మాట అనలేకపోయింది. "దేవుడు రాసిందేముంది? ఎంచింది నేను" అనుకుని కుమిలిపోయింది.

ఇక ఆమెకు మిగిలిన ఆడబిడ్డ ఒక్కతే, పుల్లి. ఈ ఏడు పుల్లికి పెళ్లీడు వచ్చింది. దాంతోపాటు కర్రికీ బొల్లికీ వచ్చింది. మంద మొత్తానికి ఎదిగిన పెయ్యలు ఆ మూడే.

"ఈసారి నేను తప్పు చేస్తే నా పుల్లి నాకు దక్కదు" అనుకుంది నామాలమ్మ. ఆ మాట తలుచుకుంటే ఆమెకు మేత సయించలేదు.

తొలకరి పడగానే మూడు పెయ్యల్నీ దగ్గరికి పిలిచింది. ముందు కర్రి డొక్కను నాలుకతో ఒకసారి నాకింది.

"ఎముకలు గరగరా తగులుతున్నాయే తల్లీ. నీ ఒంట్లోనే ఏమీ లేదు, కడుపులో దూడకేం పెడతావు?" అంది.

తర్వాత బొల్లి డొక్క నాకింది. "నీకు అసలు ఎముకలున్నాయా? వాగొడ్డున పడుకుని, లేవకుండానే మేస్తున్నావు. లోపలంతా కొవ్వు పేరుకుంటే దూడ బయటికెలా వస్తుంది?" అంది.

చివరికి పుల్లి. నాలుకకు ఎముకలు తగిలీ తగలనట్టున్నాయి. "ఇది బాగుంది" అంది నామాలమ్మ. పుల్లి తోక ఎగరేసింది. మురిసిపోవడానికి తొందరెందుకో ఆ పిల్లకు.

"ఆగు. ఇటు రా" అని నామాలమ్మ పుల్లిని వాగులోని తడి మట్టిలోకి తీసుకెళ్లింది. తల్లీకూతుళ్లు పక్కపక్కన నడిచారు. తల్లి గిట్టలు లోతుగా దిగాయి. కూతురి గిట్టలు పైపైన ఆనవాళ్లు మాత్రం వదిలాయి.

"చూశావా? నీ అడుగు నా అడుగులో మూడింట రెండు వంతుల లోతన్నా దిగాలి. అప్పుడే పెళ్లి. మీ ఇద్దరికీ కూడా అదే మాట" అంది నామాలమ్మ.

కర్రి మూతి ముడిచింది. "ఆలస్యం అమృతం విషం అంటారు కదా అవ్వా" అంది.

"నిదానమే ప్రధానం అని కూడా అంటారు. ఎవరికి కావలసిన సామెత వాళ్లు ఏరుకోవచ్చు. పక్కటెముకలు మాత్రం అబద్ధమాడవు. పద, మేత మెయ్యి."

ఆ వానాకాలమంతా నామాలమ్మ వాళ్లను వదల్లేదు. కర్రిని లోయలోని చిక్కటి పచ్చికకు తోలింది. బొల్లిని రోజూ కొండ ఎక్కించి దింపింది. బొల్లి రొప్పుతూ, "నేనేం పాపం చేశాను అవ్వా" అని ఏడ్చింది. అయినా ఎక్కించింది. ముగ్గురి చేతా ఉప్పునేల నాకించింది. చలికాలం వచ్చేసరికి మూడు పెయ్యల అడుగులూ తడి మట్టిలో చక్కగా దిగాయి.

ఇక పెళ్లికొడుకును ఎంచాలి. ఆబోతులు మూడు దిబ్బ ఎక్కాయి. ఒకటి కొండన్న. రెండోది పదునైన కొమ్ముల సూరన్న. మూడోది నేరేడు, నేరేడుపండు రంగులో ఉండే మధ్యరకం వాడు. వాణ్ణి చూసి మంద ముసిముసిగా నవ్వింది.

నామాలమ్మ తలెత్తి, "దిగండి నాయనలారా. వెళ్లి మీ అమ్మల్ని పిలుచుకురండి" అంది.

కొండన్న నవ్వాడు. "పెళ్లి నాకా, మా అమ్మకా?"

"తల్లిని చూసి పిల్లను చేసుకోమన్నారు. మరి తల్లిని చూడకుండా పిల్లవాడికి మాత్రం ఎందుకివ్వాలి?" అంది నామాలమ్మ.

మూడు తల్లులూ వచ్చాయి. నామాలమ్మ ఒకటే అడిగింది. "నీ కొడుకు పుట్టిన రోజు ఎలా గడిచిందో చెప్పు."

అందరికంటే ముందు కొండన్న తల్లి వచ్చి నిలబడింది. నోరు తెరిచింది, కొడుకు వైపు చూసింది, తల దించుకుని పక్కకు జరిగింది.

సూరన్న తల్లి వచ్చింది. "పుట్టడం తేలిగ్గానే పుట్టాడు. పాలు తాగుతూ తాగుతూ నన్నే పొడిచాడు. ఇప్పటికీ నేను ఎదురుపడితే తల వంచి కొమ్ములు చూపిస్తాడు. కన్నకొడుకు కాబట్టి నేను సర్దుకుపోతున్నాను. పరాయి పిల్లకెందుకీ ఖర్మ?" అంది. సూరన్న బుస కొట్టాడు. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

నేరేడు తల్లి సిగ్గుపడుతూ వచ్చింది. "చెప్పడానికేముంది అక్కా. మేస్తూ ఉన్నాను, నొప్పి వచ్చింది, పడుకున్నాను. లేచి చూస్తే వీడు. మేకపిల్లంత ఉన్నాడు. నేను నాకడం పూర్తికాకముందే నిలబడి పాలు వెతుక్కున్నాడు. తర్వాత మాత్రం బాగా ఎదిగాడు. ఏడాది దాటేసరికి తన ఈడు దూడలన్నిటినీ అందుకున్నాడు. నా మిగతా నలుగురు పిల్లలూ అలాగే పుట్టారు" అంది.

అప్పుడు కొండన్న తల్లి మళ్లీ ముందుకొచ్చింది. వెనక కాలు ఈడ్చుకుంటూ వచ్చింది.

"నేనూ చెబుతాను. వీడి కోసం రెండు రోజులు నొప్పులు పడ్డాను. వీడే నా తొలిచూలు, వీడే ఆఖరు. ఈ కుంటితనం ఆనాటిదే. కొడుకు పరువు పోతుందని కిందటేడు నోరు మూసుకున్నాను. మల్లి అరుపులు ఈ చెవులతో విన్నాను నామాలక్కా. ఇంక మూసుకోలేను" అని ఏడ్చింది.

కొండన్న మెల్లగా తల్లి దగ్గరికి వచ్చాడు. "ఇదంతా నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

"నువ్వెప్పుడు అడిగావు నాయనా?" అంది తల్లి.

నామాలమ్మకు కోపం రావాలి కదా? వచ్చింది. కానీ అంతకు మించి జాలి వేసింది. ఆ కుంటి తల్లి మెడ మీద తన మెడ ఆనించింది. "నేనూ అడగలేదు కదమ్మా. తప్పు ఇద్దరిదీ" అంది. తర్వాత కొండన్న వైపు తిరిగింది. "నువ్వు చెడ్డవాడివి కాదు. మూడు నాలుగు ఈతలు ఈనిన ఆవులు నీ బిడ్డల్ని మోయగలవు. వాటికి నువ్వే జోడు. లేత పెయ్యలకు మాత్రం నేరేడే పెళ్లికొడుకు."

మంద గొణిగింది. "అంతవాణ్ణి వదిలేసి ఈ మధ్యరకం వాణ్ణా? దూడలు కుందేళ్లలా పుడతాయి."

తొమ్మిది నెలలు నిండాయి. ముందుగా కర్రి ఈనింది. నీళ్లకు వెళ్లి, దూడను వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. మర్నాడు బొల్లి ఈనింది. "కొండ ఎక్కడమే దీనికన్నా కష్టం అవ్వా" అంది. మందకు నవ్వాగలేదు.

పుల్లి వంతు వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. పొద్దున్నే పుల్లి మోదుగ చెట్టు కింద పడుకుంది. మల్లి ప్రాణం పోయింది అక్కడికి కూతవేటు దూరంలోనే. నామాలమ్మ చూడలేక మొహం అటు తిప్పుకుంది. పుల్లి ఒకసారి మూలిగింది. ఇంకోసారి మూలిగింది. మూడోసారి ఏమీ వినపడలేదు. నామాలమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది.

"అమ్మా, ఇటు తిరుగు. ఇద్దరం బాగున్నాం" అంది పుల్లి.

నామాలమ్మ తిరిగింది. పుల్లి నాలుగు కాళ్ల మీద నిలబడి దూడను నాకుతోంది. నిజంగానే కుందేలంత దూడ. తూలుతూ లేచింది, పడింది, మళ్లీ లేచి పొదుగు అందుకుంది. ముసలావు అందరి ముందే వెక్కి వెక్కి ఏడ్చింది, ఏడుస్తూనే గొంతెత్తి అంబా అని అరిచింది. దిబ్బ మీద నుంచి కొండన్న అందుకున్నాడు. మందంతా అందుకుంది. కొండలు మార్మోగాయి. కొండన్న తల్లి కుంటుకుంటూ వచ్చి దూడను తానూ ఒకసారి నాకి వెళ్లింది.

ఏడాది తిరిగేసరికి ఆ మూడు కుందేళ్లూ మందలోని దూడలన్నిటికన్నా ముందు పరిగెత్తేవి. ఆ ఏడు ఒక్క తల్లి కూడా పోలేదు. ఒక్క దూడ కూడా పోలేదు.

నీతి: కంటికి కనిపించే గొప్పను చూసి మురిసిపోకు. దాని బరువు మోసినవాళ్లను అడిగి తెలుసుకో, మోయగల బలం వచ్చాకే తలకెత్తుకో.