తండ్రికంటే పెద్దవాడైన కొడుకు

అనగనగా, మీ ముత్తాతకు ముత్తాత ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న రోజుల్లో, సింధువారమనే ఊళ్ళో వజ్రసేనుడనే రాజు ఉండేవాడు. మంచి రాజే. ఆకలన్నవాడికి అన్నం పెట్టేవాడు, తగవంటూ వచ్చినవాడికి తీర్పు చెప్పేవాడు. అయితే ఆయనకు ఒక్క భయం ఉండేది. ముసలితనమంటే భయం.

ఒకరోజు మంగలి తల దువ్వుతూ ఒక తెల్లవెంట్రుక పీకి చూపించాడు. ఆ రోజు నుంచి రాజుకు అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. మూడు రోజులు అలా గడిచాక, నాలుగో రోజు ధూమ్రకేశి అనే మాంత్రికుడు కోటకు వచ్చాడు. చూడ్డానికి పాతికేళ్ళ కుర్రవాడు. అసలు వయసు మూడు వందలు.

"మహారాజా, నీకే కాదు, నీ ఊరందరికీ వయసు ఆపేస్తాను. బదులుగా మీరు బతకాల్సిన ఏళ్ళు నాకిచ్చెయ్యండి. మీకెలాగూ అవి అక్కర్లేదు కదా," అన్నాడు మాంత్రికుడు.

రాజు సరేనన్నాడు. ఎవరినీ అడగలేదు. మాంత్రికుడు ఊరి గోడ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. సింధువారం జనం ఏళ్ళన్నీ పోగుచేసి ఒక చిలుకకు మేపాడు. ఆ చిలుకలోనే తన ప్రాణం కూడా దాచుకుని, ఏడు సముద్రాల అవతలికి వెళ్ళిపోయాడు.

మొదటి ఏడాది ఊరంతా సంబరపడింది. రెండో ఏడాది సంబరం చప్పబడింది. మూడో ఏడాదికి ఎవరికీ కాలు నిలవలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. కుమ్మరి కుండ సగం చేసి సారె వదిలి వెళ్ళిపోయేవాడు. పెళ్ళి కుదిరిన జంటలు "రేపు చూద్దాం" అనుకునేవి. ఆ రేపు వచ్చేది కాదు. చెట్లు కాస్తున్నాయి, కాయలు పండుతున్నాయి. మనుషులే కాయలుగా ఉండిపోయారు.

కోటలో తొంభై ఏళ్ళ సూరమ్మవ్వ ఉండేది. "అందరినీ పెంచాను, అన్నీ చూశాను. ఇంకా పిలుపు రాదేమిట్రా?" అని తలుపు వైపు చూస్తూ ఉండేది. రాజుగారి కూతురు కుముదినికి మాంత్రికుడు వచ్చిననాటికి తొమ్మిదో నెల. ఆ తొమ్మిదో నెల అయిదేళ్ళుగా సాగుతూనే ఉంది. ఇక రాజుగారి కొడుకు మణికేతుడు ఇరవై ఏళ్ళవాడు, ఇరవై దగ్గరే ఆగిపోయాడు. పొద్దున లేచి గోడ చుట్టూ నడిచేవాడు, సాయంత్రం వచ్చి మళ్ళీ నడిచేవాడు. ఎందుకు నడుస్తున్నాడో ఎవరికీ చెప్పేవాడు కాదు.

ఒకనాడు కుముదిని తమ్ముణ్ణి పిలిచింది. "తమ్ముడూ, లోపల బిడ్డ రోజంతా తిరుగుతూనే ఉంది. బయటికి దారి వెతుక్కుంటోంది. ఎలాగూ నడుస్తూనే ఉన్నావు, ఆ నడిచేదేదో ఆ మాంత్రికుడి దాకా నడువు."

"గోడ దాటితే నా ఏళ్ళు నా వెంట పడతాయంటక్కా. నాకు వయసొచ్చేస్తుంది."

"నేను గోడ దాటితే నా ఏళ్ళే వస్తాయి, పుట్టని బిడ్డవి మాంత్రికుడి దగ్గరే ఉండిపోతాయి. నీకు వయసొస్తే నాకు బిడ్డ వస్తుంది," అంది కుముదిని.

మణికేతుడు మూట కట్టుకున్నాడు. తండ్రి వద్దన్నా వినకుండా గోడ దాటాడు.

నడిచి నడిచి సముద్రం ఒడ్డుకు చేరాడు. అక్కడొక ముసలి తాబేలు వెల్లకిలా పడి కొట్టుకుంటోంది. మణికేతుడు దాన్ని తిప్పి నిలబెట్టి, ఏడు సముద్రాల అవతలికి పోవాలని చెప్పాడు.

"నిన్ను మూడు సముద్రాలు దాటిస్తాను," అంది తాబేలు. "నాలుగో సముద్రం నా వల్ల కాదు. అక్కడ నీళ్ళుండవు, నిప్పు పారుతుంది. పొన్నకొయ్యతో చేసిన పడవే దాన్ని దాటుతుంది. మూడో సముద్రం అవతలి దీవిలో ఆ గింజలు దొరుకుతాయి. నాటు, పెంచు, పాతికేళ్ళు ముదరనిచ్చి అప్పుడు కొట్టు. లేత పొన్న కాలిపోతుంది, గుర్తుపెట్టుకో."

మూడు సముద్రాలు దాటడానికి మూడేళ్ళు పట్టింది. దీవిలో దిగి మణికేతుడు గింజ నాటాడు. మొలక వచ్చింది. అతను కునుకు తీసిన వేళ పీతలొచ్చి కొరికేశాయి. రెండోసారి నాటాడు, మళ్ళీ కొరికేశాయి. మూడోసారీ అంతే. ఏం చెయ్యాలో తోచక ఒడ్డు వెంట ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూ ఉండేవాడు.

ఆ దీవిలో వలలల్లే వాళ్ళుండేవాళ్ళు. వాళ్ళల్లో చెంగల్వ అనే పిల్ల రోజూ అతన్ని చూసేది. ఒకరోజు వల పక్కన పెట్టి వచ్చింది.

"ఒడ్డంతా తొక్కి పాడు చేస్తున్నావు. మనిషివి ఒక్కడివే ఉండి మొలకకు రెండు పూటలా కాపలా ఎలా కాస్తావు? పగలు నువ్వు చూడు, రాత్రి నేను చూస్తాను. కానీ ఎందుకు పెంచుతున్నావో చెప్పాలి."

మణికేతుడు తిరగడం ఆపి ఇసుకలో కూర్చున్నాడు. తర్వాత అక్క గురించి చెప్పాడు, సూరమ్మవ్వ గురించి చెప్పాడు. తను గోడ చుట్టూ తిరిగినన్నాళ్ళూ ఎంత భయపడ్డాడో చెప్పాడు. అలా తన గురించి ఒక మనిషికి చెప్పడం అతనికి అదే మొదలు. చెప్పాక ఒళ్ళు తేలికైంది. నాలుగో మొలక బతికింది. అది మోకాలెత్తు పెరిగేసరికి వాళ్ళిద్దరికీ పెళ్ళయింది.

పెళ్ళయినా మణికేతుడికి స్థిమితం రాలేదు. అన్నం ముందు కూర్చుంటే అక్క గుర్తొచ్చేది. చెట్టు దగ్గరికెళ్ళి జానలతో చుట్టుకొలత చూసేవాడు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉండేది కాదు.

"చెట్టును రోజూ కొలిస్తే పెరగదు," అనేది చెంగల్వ.

ఎనిమిదేళ్ళు ఓర్చుకున్నాడు. తొమ్మిదో ఏట, చెంగల్వ కడుపుతో ఉంది. ఆమె పుట్టింటికి వెళ్ళిన రోజులు చూసి, ఎవరికీ చెప్పకుండా చెట్టు కొట్టేశాడు. పడవ చేసి నాలుగో సముద్రంలోకి తోశాడు. పడవ గడ్డిమోపులా అంటుకుంది. తాబేలు అంచు దాకా వచ్చి, కాలిన చేతులతో ఉన్నవాణ్ణి వీపు మీదికి లాక్కుని ఒడ్డున పడేసింది.

"చెప్పాను," అని మాత్రం అంది.

చెంగల్వ అతని చేతులకు ఆకుపసరు రాసింది. "తిరిగొచ్చావు కాబట్టి అన్నం పెడతాను. మాట మాత్రం అడగకు," అంది. మూడు నెలలు మాట్లాడలేదు. కూతురు పుట్టిన రోజున "పిల్లను పట్టుకో" అంది. అదే మొదటి మాట. ఆ పిల్లకు తరంగి అని పేరు పెట్టారు.

మణికేతుడు మళ్ళీ గింజ నాటాడు. అప్పటికి అతని వయసు ముప్ఫై మూడు. ఈసారి ఒక్కటి కాదు, నూరు నాటాడు.

"ఒక పడవకు నూరు చెట్లెందుకు?" అని అడిగింది చెంగల్వ.

"మన తర్వాత ఇంకెవరికైనా దాటాల్సిన పని పడితే?" అన్నాడు. చెట్టును కొలవడం మానేశాడు. దీవి పిల్లలకు అక్షరాలు దిద్దించాడు, ఈత నేర్పించాడు. తరంగి చెట్లతో పాటు పెరిగి, దీవిలో అందరికంటే బాగా పడవ కట్టడం నేర్చుకుంది. అయినా తూర్పుగాలి వీచిన రోజున అతనికి ఎక్కడో ఒక బిడ్డ దారి వెతుక్కుంటున్నట్టు అనిపించేది, ఆ రోజు తిండి సయించేది కాదు.

పాతికేళ్ళు గడిచాయి. తరంగే చెట్టు కొట్టింది, తరంగే పడవ కట్టింది. ముగ్గురూ బయల్దేరారు. నిప్పు సముద్రం పడవను తాకి తప్పుకుంది. మిగిలిన మూడు సముద్రాలూ మరో మూడేళ్ళు తిన్నాయి.

మాంత్రికుడి దీవి ఒడ్డున నిలువెత్తు రాళ్ళు మూడు వందలున్నాయి. అన్నీ వేరే దిక్కుల నుంచి చిలుక కోసం వచ్చిన కుర్రవాళ్ళే. ఆ ఇసుక మీద పడుచు కాలు పడితే రాయైపోవాలని ధూమ్రకేశి మంత్రం వేశాడు. యువకులు తప్ప ఇంకెవరొస్తారని అతని ధీమా. మణికేతుడు ఆ రాళ్ళలో ఒక్క ముసలి మొహమూ లేదని చూసి, తరంగిని, చెంగల్వను పడవలోనే ఉండమని, కర్ర పట్టుకుని దిగాడు. అరవై ఒక్క ఏళ్ళ కాలు. ఇసుక దాన్ని పట్టించుకోలేదు.

ధూమ్రకేశి అతన్ని వింతగా చూశాడు. "నీ మొహం మీద ఆ గీతలేమిటి?"

"వయసు, బాబూ."

మాంత్రికుడు మొహం చిట్లించాడు. "నీ వల్ల ఏమవుతుంది గాని, పంజరం ఊడ్చే పనిలో ఉండు," అన్నాడు. ముసలివాళ్ళకు భయపడాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

పంజరంలో చిలుక గుమ్మడికాయంత ఉబ్బిపోయి, రెక్క ఎత్తలేక ఆయాసపడుతోంది.

"నా కడుపులో లక్ష ఏళ్ళున్నాయి," అంది చిలుక. "ఒక్కటీ ఎవరూ బతికినది కాదు. బతికిన ఏళ్ళెలా ఉంటాయో చెప్పు. నిజం వింటే నా గొంతు వదులవుతుంది. అబద్ధం వింటే కడుపు నొప్పెడుతుంది."

మొదటి రోజు మణికేతుడు తనెంత సాహసవంతుడో చెప్పాడు. చిలుక మూలిగింది. రెండో రోజు పొన్నచెట్టు దాకా వచ్చి, "అది గాలికి పడిపోయింది" అన్నాడు. చిలుక ఇంకా గట్టిగా మూలిగింది. మూడో రోజు చీపురు పక్కన పెట్టి కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు.

"చెట్టును నేనే కొట్టాను. కడుపుతో ఉన్నదానికి చెప్పకుండా పోయాను. నా తొందర వల్ల మా అక్క ఇంకో ఎనిమిదేళ్ళు ఎదురుచూసింది."

"ఆ పని చెయ్యకుండా ఉంటే బాగుండేదా?"

"బాగుండేది. అయినా చేసింది నేనే. ఆ తర్వాత నూరు చెట్లు నాటింది కూడా నేనే. రెండూ నావే."

చిలుక నోరు తెరిచింది. గోరువెచ్చటి గాలి బయటికి వచ్చింది. వచ్చి, వచ్చి, దీవంతా నిండి, పడవ తెరచాపలోకి దూరింది. చిలుక చిన్నదైపోయి, మామూలు చిలుకై రెక్కలు విదిల్చుకుంది.

మణికేతుడు మెల్లగా అడిగాడు. "మరి నావి?"

"నీవి నా దగ్గర లేవు నాయనా. నువ్వే వాడుకున్నావు," అని చిలుక ఎగిరిపోయింది.

ఒక్క క్షణం మణికేతుడికి ఇరవై ఏళ్ళప్పటి కాళ్ళు గుర్తొచ్చాయి. ఇంతలో ధూమ్రకేశి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వస్తూ వస్తూనే జుట్టు తెల్లబడింది, నడుం వంగింది. మూడు వందల ఏళ్ళూ ఒక్కసారే మీద పడ్డాయి. అతను తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఇప్పుడేం చెయ్యాలి? నాకు తెలీదు. నాకెవరూ నేర్పలేదు," అన్నాడు.

"ముందు కూర్చో," అన్నాడు మణికేతుడు. నీడలో కూర్చోబెట్టి నీళ్ళు తాగించాడు. పొద్దు వాలే వేళకు మాంత్రికుడు అతని చెయ్యి పట్టుకునే కన్నుమూశాడు.

రాళ్ళన్నీ మళ్ళీ మనుషులయ్యాయి. తలా ఒక చెట్టు నరికి తెప్పలు కట్టుకుని ఎవరి దేశానికి వాళ్ళు పోయారు. కువలయుడనే ఒక రాజకుమారుడు మాత్రం తరంగి దగ్గరికొచ్చి, "రెండో తెడ్డు వెయ్యడానికి మనిషి కావాలా?" అని అడిగాడు.

"వేసి చూపించు," అంది తరంగి. నిప్పు సముద్రం పోను మిగతా ఆరు సముద్రాలూ వేసి చూపించాడు.

సింధువారం చేరేసరికి మణికేతుడికి అరవై ఏడేళ్ళు. ద్వారం తెరవగానే వెచ్చటి గాలి అతనితో పాటే లోపలికి నడిచింది. సింహాసనం మీద వజ్రసేనుడు నలభై అయిదేళ్ళవాడిలా అలాగే ఉన్నాడు.

"ఎవరు తాతా మీరు? ఏ ఊరు?" అని అడిగాడు.

"నాన్నా, నేను మణికేతుణ్ణి."

రాజు లేచి నిలబడ్డాడు. తెల్లజుట్టు చూశాడు, కాలిన మచ్చల చేతులు చూశాడు. కనుబొమ్మ దగ్గర, చిన్నప్పుడు తను నేర్పిన కత్తిసాములో తగిలిన గాటు చూశాడు. దిగి వచ్చి కొడుకు కాళ్ళ ముందు కూలబడిపోయాడు.

"నా బదులు నువ్వు ముసలివాడివైపోయావు," అన్నాడు.

"మీ బదులు కాదు నాన్నా. నా వంతు నేనయ్యాను. మీ వంతు మీకు ఉంది, అదే తెచ్చాను," అని మణికేతుడు తండ్రిని లేవనెత్తాడు.

అప్పుడే అంతఃపురంలో పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఊళ్ళో యాభై ఏళ్ళుగా ఎవరూ విననిది. కుమ్మరి సారె ఆపి వచ్చాడు, కుర్రవాళ్ళు గోడలెక్కి విన్నారు. కుముదిని అలసిపోయి నవ్వుతూ, తమ్ముణ్ణి చూసి నవ్వాపేసింది. "ఇంత దూరమా నిన్ను పంపింది నేను," అంది. మణికేతుడు బిడ్డ అరికాలు వేలితో తాకి, "మంచి దూరమే అక్కా," అన్నాడు. సూరమ్మవ్వ బిడ్డను ఒక పూటంతా ఒళ్ళో పెట్టుకుంది. మర్నాడు, ఇంటిల్లిపాదీ చుట్టూ ఉండగా, హాయిగా వెళ్ళిపోయింది.

వజ్రసేనుడు కిరీటం కొడుకు చేతిలో పెట్టబోతే, అతను దాన్ని తరంగి తలమీద పెట్టించాడు. తరంగికీ కువలయుడికీ పెళ్ళయింది. ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ అదే పందిట్లో జరిగాయి. తరంగి యాభై ఏళ్ళు రాజ్యమేలి, నదులకు పడవలు, దారులకు చెట్లు వేయించింది.

పదేళ్ళు పోయాక ఒక ఉదయం వజ్రసేనుడు గుప్పిట మూసుకుని కొడుకు దగ్గరికొచ్చాడు. మణికేతుడు, చెంగల్వ అరుగు మీద ఎండలో కూర్చుని ఉన్నారు. రాజు గుప్పిట తెరిచాడు. అందులో ఊడిన పన్ను ఉంది.

"ఒరే, ఇది మొదటిది," అన్నాడు. "నొప్పి లేదు గాని... తర్వాత ఏమవుతుంది?"

మణికేతుడు జరిగి చోటిచ్చాడు. "చెబుతా, కూర్చోండి నాన్నా. ముందు అంబలి తాగుదాం," అన్నాడు.

ముగ్గురూ మెల్లగా అంబలి తాగారు. కథ అక్కడ ఆగి ఎండ కాచుకుంటోంది, మనం లేచి మన పనుల్లోకి పోదాం.