దిబ్బరొట్టె కోడలు, పెనం కోడలు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా తోటికోడలు మాణిక్యాంబ. వాళ్ళ మనవడి భూగోళం పాఠంలో ఉందట. చెప్తూ చెప్తూ నావైపే చూసింది. ఆ చూపుకే మూడేళ్ళుగా మాటల్లేవు మాకు. రేపు వస్తోందిగా, ముందెవరు పలకరిస్తారో చూద్దాం. సరే, ఊ కొట్టండి.

అనగనగా భూదేవమ్మ అని ఒక అత్తగారు. ఇంటి కింద ఆరని పొయ్యి, ఇంటి పైన ఇద్దరు కోడళ్ళు. పెద్దది నేలమ్మ: దిబ్బరొట్టెలా మందం, ఎత్తితే తేలిక, వయసు మాత్రం బోలెడు. చిన్నది కడలమ్మ: ఇనప పెనంలా పలచన, ఎత్తబోతే మణికట్టు పట్టేసేంత బరువు. సముద్రం నడిమి పగుల్లోంచి వేడివేడిగా పుట్టి, చల్లారుతూ, బరువెక్కుతూ, ఒడ్డుకేసి జరిగేది. ఎంత జోరుగా? మీ గోరు పెరిగినంత జోరుగా! నవ్వకండర్రా. ఊ కొడుతున్నారా?

జరిగి జరిగి ఇద్దరూ ఒకే గడపలో ఎదురుపడ్డారు. నువ్వు తప్పుకోమంటే నువ్వే తప్పుకోమని పట్టు. ఆ పట్టు జారినప్పుడల్లా ఇల్లంతా అదురు, అటక మీద జాడీలు దొర్లుడు. ఇల్లు కూలిపోతుందర్రా అని అత్తగారు గుండె బాదుకుంది.

చివరికి వంగిందెవరు? ఏమన్నావే హారతీ, తేలిగ్గా ఉన్నదా? నేనూ అదే అన్నాను, మాణిక్యాంబ పకపకా నవ్వింది. వంగింది బరువున్నదే! కడలమ్మ తల వంచి, నేలమ్మ కిందుగా పొయ్యివైపు దిగింది. మంచం మీంచి చీర కొస జారితే మిగతా చీరంతా దాని వెనకే పోతుంది చూడు, అలా దిగిన అంచే ఒళ్ళంతా లాక్కుపోయింది. అది తెచ్చిన తడికి అడుగున రాయి కరిగి, నేలమ్మ నెత్తిన నిప్పుకొండై పొంగింది. నేలమ్మేమో గెలిచాననుకుని, నెత్తి కాలుతున్నా పైనే తేలుతూ కూర్చుంది. ఇల్లు మాత్రం నిలబడింది. వంగినవాళ్ళంతా తేలికవాళ్ళు కారర్రా.

ఎవరే అది, పైన తేలేది నువ్వా అమ్మమ్మా అంటున్నది? నోర్ముయ్. మందాన్నే గానీ గుల్లని కాను.

ఇద్దరూ నేలమ్మలే ఎదురైతేనా? ఎవరూ దిగరు. ఒకరినొకరు తోసుకుని హిమాలయాలై లేస్తారు. మా ఇద్దరి మధ్యా ఇన్నాళ్ళూ లేచింది అదే.

రేపా? నేనే ముందు పలకరిస్తా. లొంగిపోయి కాదు, బరువుండి! కథ కంచికి జరుగుతోంది, గోరు పెరిగినంత జోరుగా; మనం ఈలోగా దుప్పట్లోకి.

ఆగండి. మాణిక్యాంబ కూడా బరువు చూపిద్దామని నాకంటే ముందే నోరు తెరిచిందనుకోండి, మీలో ఎవరైనా లేచి, ముందు పలకరించింది మా అమ్మమ్మేనని అందరికీ వినబడేలా చెప్పాలి, తెలిసిందా?