తుంగలంక ఒడ్డు కాసిన నూకరాజు

మరీ యుగాల నాటి మాట కాదు. అలాగని మనలో ఎవరూ కళ్ళారా చూసిందీ కాదు. ఊళ్ళోకి సైకిలొస్తే జనం పనులాపి చూసే రోజులవి.

ఆ రోజుల్లో నూకరాజని ఒకడుండేవాడు. సైకిలు మీద ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. పెళ్ళాం పేరు వరాలు. ఒక శ్రావణమాసంలో అతను ఊళ్ళు తిరుగుతుంటే, వరాలు పుట్టింటికని పడవెక్కింది. నడి గోదారిలో పడవ తిరగబడింది. కొందరు ఈదుకొచ్చారు. వరాలు రాలేదు.

కబురు తెలిసి నూకరాజు రేవుకొచ్చేసరికి నాలుగో రోజు.

"మునిగినవాళ్ళు తుంగలంక ఒడ్డుకే కొట్టుకొస్తారు. అక్కడ చూడు," అన్నారు పడవవాళ్ళు.

తుంగలంక గోదారి మధ్యలో దీవి. నూకరాజు సైకిలు పడవలో వేసుకుని అక్కడ దిగాడు. మూడు రోజులు వెతుకుదామనుకున్నాడు. అచ్చియ్యమ్మని ఒక ముసలావిడ తన పశువుల పాకలో చోటిచ్చి, మధ్యాహ్నం పిలిచి అన్నం పెట్టింది.

దారున్న చోట సైకిలెక్కాడు. దారి లేని చోట దిగి నడిచాడు. ఇసుకలో నడిచాడు, బురదలో నడిచాడు, తుంగలో నడిచాడు. కనిపించిన ప్రతివాళ్ళనీ అడిగాడు.

"ఆకుపచ్చ చీరండీ. ఎడం చేతి మీద తేలు పచ్చబొట్టండీ."

ఎవరూ చూడలేదన్నారు. మూడు రోజులు కాస్తా మూడు వారాలయింది.

ఒకనాడు పొద్దున్నే తుంగలో ఒక ముసలాయన శవం కనిపించింది. లంకవాళ్ళు పడవగెడలు పట్టుకుని వచ్చారు.

"ఏం చేస్తారండీ?" అన్నాడు నూకరాజు.

"ఏటిలోకి తోసేస్తాం. ఒడ్డున శవం దొరికితే ఠాణావాళ్ళు మా పీకల మీద కూర్చుంటారు. ఎప్పుడూ ఇంతే."

"ఈయన కోసం ఇంట్లో ఎవరో ఎదురు చూస్తుంటారండీ," అని నూకరాజు నీళ్ళలోకి దిగి లాగాడు. తనే గొయ్యి తవ్వి పూడ్చాడు. ఆయన మొలతాడుకున్న తాళంచెవి తీసుకుని రేవు దాటాడు. దారున్న చోట సైకిలెక్కాడు, దారి లేని చోట నడిచాడు. ఏడో ఊళ్ళో ఒక ఇంటి తలుపుకు ఆ తాళంచెవి పట్టింది. ఆ ఇంటివాళ్ళు ఏడ్చారు. అతనికి మంచినీళ్ళిచ్చారు.

ఆ తరవాత ఒక పడుచుపిల్ల కొట్టుకొచ్చింది. లంకవాళ్ళు గెడలు తెచ్చారు. "ఈమె కోసం ఇంట్లో ఎవరో ఎదురు చూస్తుంటారండీ," అన్నాడు. పూడ్చి, కబురు మోసుకెళ్ళాడు.

మూడోసారి ఒక పసివాడు. ఈసారి ఎవరూ గెడ ఎత్తలేదు, దగ్గరికీ రాలేదు. నూకరాజే ఎత్తుకొచ్చి గట్టు మీద పూడ్చాడు. కబురు చెప్పబోతే ఠాణావాళ్ళు అతన్నే అనుమానించి రెండు రోజులు కూర్చోబెట్టి కొట్టారు. కుంటుకుంటూ సైకిలు నడిపించుకుని లంకకొచ్చాడు.

ఆ మధ్యాహ్నం అచ్చియ్యమ్మ అన్నం వడ్డించి, ఎదురుగా కూలబడింది.

"మీ ఆవిడ ఇక్కడికి వచ్చింది నాయనా. పడవ మునిగిన మర్నాడే. మా బీరపాదుల వెనక్కి. ఆకుపచ్చ చీర, తేలు పచ్చబొట్టు. గెడ పెట్టి నేనే తోశాను."

నూకరాజు ముద్ద పళ్ళెంలోనే పెట్టేశాడు.

"ఒక్క తోపుకే వెళ్ళిపోయిందా?"

"లేదు నాయనా. మూడుసార్లు వెనక్కి వచ్చింది."

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. బీరపాదుల వెనక్కి వెళ్ళి పొద్దుగూకేదాకా నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు ఎప్పటిలాగే సైకిలు తీశాడు.

"ఇంటికెళ్ళిపో నాయనా. ఇంకెవరి కోసం వెతుకుతావు?" అంది అచ్చియ్యమ్మ.

"నీళ్ళలో ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు కదమ్మా," అన్నాడు. ఆవిణ్ణి ఒక్క మాటా అనలేదు. క్షమించానని కూడా అనలేదు. మధ్యాహ్నం వచ్చి, పెట్టింది తిని వెళ్ళేవాడు. అలా పదకొండేళ్ళు. కళాయి పూసుకుంటూ, ఒడ్డు కాసుకుంటూ, అక్కడే ఉండిపోయాడు.

ఒక వరదల ఏడు, సుడిలో తిరుగుతున్న ఎవరినో లాగబోతే గట్టు విరిగి పడింది. నూకరాజు నీళ్ళలో కలిసిపోయాడు.

అప్పుడు లంక మొత్తం కదిలింది. ఇసుకలో నడిచారు, బురదలో నడిచారు, తుంగలో నడిచారు. మూడో రోజు లంక తోకన, రెల్లు దుబ్బుల్లో దొరికాడు. నలుగురూ వచ్చి మోసేదాకా, నడుం వంగిపోయిన అచ్చియ్యమ్మ అతని తల పక్కనే బురదలో కూర్చుంది. మొహం మీది ఒండ్రు కొంగుతో తుడిచింది.

"నేను అచ్చియ్యమ్మని నాయనా. ఇక్కడే ఉన్నాను," అంది.

అప్పటినుంచి తుంగలంకలో శవం మీద గెడ పెట్టినవాళ్ళు లేరు. ఈనాటికీ గోదారి ఎవరినైనా ఆ ఒడ్డుకు చేరిస్తే, మొదట చూసినవాళ్ళు చేస్తున్న పని వదిలి పక్కన కూర్చుంటారు. ఎండైనా వానైనా, నలుగురూ వచ్చేదాకా లేవరు. కూర్చోగానే, ఆ మనిషి ఎవరో తెలియకపోయినా, ముందు తమ పేరు చెబుతారు. ఇక్కడే ఉన్నామని చెబుతారు.